బాయి దిగే ముందు వీటీసీ



ప్రతి ఏటా వార్షికోత్సవ సంచికకు పూర్వ విద్యార్థుల తరఫున ఒక వ్యాసం ఇమ్మని అడగడం, మేము "కష్టపడి చదవండి, తల్లిదండ్రులకు పేరు తెండి" అని రెండు పేజీలు రాసి ఇవ్వడం ఆనవాయితీ అయిపోయింది. ఆ రెండు పేజీలు ఎవరూ చదవరని మాకు తెలుసు. హాస్టల్లో ఉన్నప్పుడు మేమూ చదవలేదు. సంచిక చేతికి రాగానే గ్రూపు ఫోటోలో మా తలకాయ ఎక్కడుందో వెతుక్కునేవాళ్లం. అందుకని ఈసారి నీతులు పక్కనబెట్టి ఒక తప్పు గురించి రాస్తున్నాం. ఆ తప్పు మాదే.

నిరుడు ఇంజనీరింగ్ ఫైనలియర్‌లో ఉన్న మన హాస్టల్ తమ్ముళ్లు నలుగురు "అన్నా, ప్రాజెక్టు చెయ్యాలె, జర దారి చూపుండ్రి" అని వచ్చారు. సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్న మేము ముగ్గురం ఆదివారాలు వాళ్లతో కూర్చున్నాం. అంశం వాళ్లే ఎంచుకున్నారు: హాస్టల్ హాజరు, మెస్ లెక్క. పొద్దున ఎంతమంది ఉన్నారు, రాత్రి ఎంతమంది తిన్నారు, బియ్యం ఎంత పోయింది అని చెప్పే చిన్న ప్రోగ్రాం. మంచి అంశమే. డేటాబేసును క్లౌడ్‌లో పెడదామన్నాం. పది నిమిషాల్లో తయారైంది. పట్టిక ఖాళీగా ఉంటే ఏం బాగుంటుందని, హాస్టల్లోని ఒక పాత రిజిస్టరు ఫోటోలు తీసి, తొంభై మందికి పైగా పిల్లల వివరాలు ఉన్నవి ఉన్నట్టు ఎక్కించాం. పేరు, తండ్రి పేరు, కులం, ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా. ఇంటి దగ్గర నుంచి, కాలేజీ ల్యాబ్ నుంచి, ఎక్కడి నుంచైనా కలిసేలా డేటాబేసు తలుపును ప్రపంచమంతటికీ తెరిచాం. పాస్‌వర్డును ప్రోగ్రాంలోనే రాసి, ఆ ప్రోగ్రాంను అందరికీ కనిపించే గిట్‌హబ్ పేజీలో పెట్టాం.

ఒక శనివారం రాత్రి డైనింగ్ హాలు గోడ మీద ప్రొజెక్టర్ వేసి పిల్లలకు చూపించాం. చప్పట్లు కొట్టారు. తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒకడు మాత్రం లేచి నిలబడి, "అన్నా, మా నాయిన పేరు, మా ఆధార్ నంబరు గిట్ల గోడ మీద ఎందుకు పెట్టిండ్రు?" అన్నాడు. సమాధానం చెప్పలేకపోయాం. ఆ రాత్రే పట్టికను చెరిపేశాం, పాస్‌వర్డు మార్చాం, గిట్‌హబ్ పేజీని తీసేశాం. గిట్‌హబ్‌లో ఒక ఫైలును మార్చినా పాత ప్రతి చరిత్రలో మిగిలే ఉంటుంది కాబట్టి పేజీ మొత్తమే తీయవలసి వచ్చింది. అప్పటికే అది పద్దెనిమిది రోజులుగా తెరిచి ఉంది. ఎవరైనా చూశారా? తెలియదు. ఇక ముందు తెలిసే దారి కూడా లేదు.

ఈ సంగతి విని మన పూర్వ విద్యార్థుల్లో కొందరు "అసలు పిల్లలకు ఈ క్లౌడ్ ఎందుకు, పుస్తకంలో ఉన్నది నేర్పండి చాలు" అన్నారు. మేము ఒప్పుకోం. తప్పు మేము చేశాం గనుక వస్తువును దూరం పెట్టాలనడం, సైకిల్ మీద నుంచి పడ్డాం గనుక నడిచిపోదాం అన్నట్టుంటుంది. మన హాస్టల్ పిల్లలు క్లౌడ్ డేటాబేసు మీద చేతులు తిప్పాల్సిందే. కానీ దాన్ని వీటీసీలాగ వాడాలి, బాయిలాగ కాదు. ఈ మాటకు అర్థం గోదావరిఖనిలో పుట్టినవాళ్లకు విప్పి చెప్పనక్కర లేదు. అయినా చెబుతాం.

మన నాయినలకు ఉద్యోగం కాగితం వచ్చిన రోజే తట్టా చెమ్మస్ చేతికిచ్చి బాయిలకు దించలేదు. 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నిబంధనల ప్రకారం ముందు వీటీసీకి పంపారు. క్యాపు లాంపు ఎట్లా పెట్టుకోవాలె, కప్పును తట్టి చప్పుడు ఎట్లా వినాలె, గ్యాసు కనబడితే ఎటు నడవాలె, అన్నీ అక్కడే. వీటీసీలో తప్పు చేస్తే మాస్టారు తిడతారు, తోటివాళ్లు నవ్వుతారు, అంతే. ఎవరి మీదా కప్పు కూలదు. తప్పు చేయడానికే ఆ చోటు కట్టారు. మేము చేసిందేమిటంటే వీటీసీ అని బోర్డు పెట్టి, లోపలికి నిజమైన మనుషులను దించాం.

మేనేజ్డ్ డేటాబేసు అంటే ఏమిటో తెలియని తమ్ముళ్ల కోసం ఇక్కడ నాలుగు మాటలు. సొంత ఇల్లు కట్టుకుంటే పునాది నుంచి నల్లా దాకా అన్నీ మనమే చూసుకోవాలి. సింగరేణి క్వార్టరు అయితే కప్పు కారినా, కరెంటు పోయినా కంప్లయింటు రాస్తాం, కంపెనీ మనుషులు వచ్చి చూస్తారు. మన పని సామాను సర్దుకోవడం, తాళం వేసుకోవడం. మేనేజ్డ్ డేటాబేసు ఆ క్వార్టరు లాంటిది. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ వంటి సాఫ్ట్‌వేరును ఒక కంపెనీ తన కంప్యూటర్ల మీద పెట్టి, మరమ్మతులు చేసి, డిస్కు పాడైతే మార్చి, మన చేతికి ఒక చిరునామా, యూజరు పేరు, పాస్‌వర్డు ఇస్తుంది. అమెజాన్ 2009 అక్టోబరులో ఆర్‌డీఎస్ అనే పేరుతో ఈ సేవ మొదలుపెట్టింది. ఇప్పుడు మైక్రోసాఫ్ట్, గూగుల్, ఒరాకిల్ అందరి దగ్గరా ఉంది. నియాన్, సుపబేస్, మాంగోడీబీ అట్లాస్ అని కార్డు అడగకుండానే చిన్న డేటాబేసు ఉచితంగా ఇచ్చేవాళ్లూ ఉన్నారు.

క్లౌడ్ అన్నంత మాత్రాన ఆకాశంలో ఏమీ లేదు. భూమి మీదే కరెంటు తాగే కంప్యూటర్ల గోదాములు. అమెజాన్ వాళ్లవి 2016 నుంచి ముంబైలో, 2022 నవంబరు నుంచి హైదరాబాద్‌లో నడుస్తున్నాయి. 2,600 మెగావాట్ల మన రామగుండం ఎన్టీపీసీ కరెంటు గ్రిడ్డులో కలిశాక ఎక్కడ ఏ కంప్యూటరును నడుపుతుందో ఎవరూ చెప్పలేరు గానీ, మన నాయినలు తవ్విన బొగ్గు కొంత అందులోనూ మండుతూ ఉంటుందని అనుకోవడం మాకిష్టం.

ఇది మన పిల్లలకే ఎక్కువ అవసరం అని ఎందుకంటున్నామో వినండి. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్న పిల్లవాడు డేటాబేసును తన యంత్రంలోనే వేసుకుంటాడు, రాత్రి రెండింటి దాకా దాంతో కుస్తీ పడతాడు. మనవాడికి ఉన్నది ఫోను, వారానికి రెండు ల్యాబ్ పీరియడ్లు. ల్యాబ్ కంప్యూటర్లో ఏది వేయాలన్నా అడ్మిన్ పాస్‌వర్డు కావాలి. వేసినా వచ్చే వారం ఆ కంప్యూటరు మనకు దొరకదు, దొరికినా మొన్న చేసింది అందులో ఉండదు. పని ఎక్కడ ఆపామో అక్కడి నుంచి మొదలుపెట్టే భాగ్యం మన పిల్లలకు లేదు. క్లౌడ్ డేటాబేసు ఆ లోటు తీరుస్తుంది. సెంటినరీ కాలనీలోని జేఎన్టీయూ ల్యాబ్‌లో మధ్యాహ్నం చేసింది, సాయంత్రం లక్ష్మీనగర్ నెట్ సెంటర్లో తెరిస్తే అక్కడే ఉంటుంది. నలుగురు నాలుగు చోట్ల ఉన్నా పట్టిక ఒకటే.

ఉచితంగా ఇచ్చేది చిన్నదని చిన్నచూపు వద్దు. సుపబేస్, నియాన్, అట్లాస్ ఉచిత పథకాల్లో ఒక్కో డేటాబేసుకు ఇచ్చే స్థలం అరగిగాబైటు అటూ ఇటూ. వంద మంది పిల్లలున్న హాస్టల్లో రోజుకు వంద వరుసలు, ఏడాదికి 36,500 వరుసలు. ఒక్కో వరుసకు 100 బైట్లు వేసుకుంటే ఏడాదికి 3.65 మెగాబైట్లు. ఇండెక్సులు వగైరా కలిపి రెండింతలు అనుకున్నా 60 ఏళ్ల హాజరు అందులో పడుతుంది. మనం ట్రయల్ వేసేది ఒక సెమిస్టరు.

వీటీసీ అన్నాం గదా, అక్కడ ఏం నేర్వాలి? మా నలుగురు తమ్ముళ్లకు మొదట తగిలిన దెబ్బ తెలుగుదే. పేర్లు తెలుగులో ఎక్కిస్తే అన్నీ ప్రశ్నార్థకాలుగా మారిపోయాయి. వాళ్లు పాత పుస్తకం చూసి పాత వర్షన్ ఎంచుకున్నారు. మైఎస్‌క్యూఎల్ 5.7 దాకా డేటాబేసు తనంతట తాను ఎంచుకునే లిపి పద్ధతి లాటిన్1. అందులో తెలుగు అక్షరానికి చోటు లేదు. 2018లో వచ్చిన 8.0 నుంచే దాని స్థానంలో యూటీఎఫ్8ఎంబీ4 వచ్చింది. ఇంకో సంగతి, యూటీఎఫ్8లో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు. "రామగుండం" అనే మాటలో అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, సున్నలు కలిపి 8 గుర్తులు, అంటే 24 బైట్లు. ఒరాకిల్‌లో మామూలుగా వార్‌చార్2 కొలత బైట్లలోనే ఉంటుంది. ఊరి పేరుకు 20 సరిపోతుందని పెడితే, ఇంగ్లీషులో బెల్లంపల్లి, మంచిర్యాల, పెద్దపల్లి అన్నీ పడతాయి, తెలుగులో రామగుండం పట్టదు. ఇటువంటిది తరగతిలో ఎవరూ చెప్పరు. చెప్పినా తలకెక్కదు. ఒకసారి పేరంతా ప్రశ్నార్థకాలై కనబడితే జన్మలో మరిచిపోరు.

మన పిల్లల జీవితమే మంచి పరీక్ష అని కూడా అప్పుడు తెలిసింది. తండ్రి పేరు తప్పనిసరి అని పెట్టాం. తల్లి ఒక్కతే సాకుతున్న పిల్లల పేర్లు ఎక్కలేదు. ఇంటిపేరు, అసలు పేరు అని రెండు గళ్లు పెట్టాం. ఒకే మాట పేరున్న పిల్లవాడు బయట నిలబడ్డాడు. పుట్టిన తేదీ జూన్ ఒకటి అని సగం మందికి ఉంటుంది, బడిలో చేర్చేటప్పుడు సార్లు వేసిందే. దాన్ని బట్టి ఇద్దరూ ఒకటే అనుకుంటే ప్రోగ్రాం బోల్తా కొడుతుంది. బయటివాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో మనవాళ్లు ఇరుక్కునేది ఇట్లాంటి గళ్ల దగ్గరే. స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపేటప్పుడు అక్షరం తేడా వచ్చి మీ సేవ చుట్టూ తిరిగిన అనుభవం మనలో లేనిదెవరికి? ఆ గళ్లు రాసే చోట మన పిల్లలు కూర్చోవాలని మా కోరిక.

అయితే పరీక్షకు కావలసింది ఆ రకపు పేర్లు. ఆ పిల్లల పేర్లు కాదు. ఈ తేడా మాకు గోడ మీద చూశాక గానీ తెలియలేదు.

మనం పట్టికలో కులం అని ఒక గడి పెట్టినప్పుడు అది మిగతా గళ్లలాంటిది కాదు. హాస్టల్లో సీటు కోసం, స్కాలర్‌షిప్ కోసం సర్కారుకు ఇచ్చిన వివరం అది. అద్దె ఇల్లు అడిగే చోట, ఉద్యోగం అడిగే చోట అదే వివరం మన మీదికి తిరిగి ఎట్లా వస్తుందో పెద్దవాళ్లమైన మాకు తెలుసు. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో సుమారు 1.3 లక్షల మంది ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు, కులం, మతం ఎవరైనా చూసేలా ఉన్నాయని ఒక పరిశోధకుడు బయటపెట్టాడు. అక్కడ దొంగ ఎవడూ తాళం పగలగొట్టలేదు. తలుపే వేయలేదు. ఇల్లు కావాలని దరఖాస్తు పెట్టుకున్న పేదల వివరాలవి. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేసింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, అంచెలవారీగా అమలు చేస్తామన్నారు. 18 ఏళ్ల లోపువాళ్ల సమాచారం వాడుకోవాలంటే తల్లి లేదా తండ్రి సమ్మతి కావాలని అందులో ఉంది. మన హాస్టల్లో ఎక్కువమంది ఆ వయసువాళ్లే. చట్టం సంగతి అలా ఉంచినా, ఆ తొమ్మిదో తరగతి పిల్లవాడిని మేము అడగలేదు. అది చాలు తప్పు అనడానికి.

తలుపు తెరిచిపెడితే ఏమవుతుందో ఇంకో ఉదాహరణ. 2017 జనవరిలో, పాస్‌వర్డు లేకుండా ఇంటర్నెట్టుకు తెరిచి వదిలేసిన మాంగోడీబీ డేటాబేసులను కొందరు వెతికి పట్టుకున్నారు. ఉన్నదంతా తుడిచేసి, బిట్‌కాయిన్ ఇస్తే తిరిగిస్తామని చీటీ పెట్టి పోయారు. వేల సంఖ్యలో జరిగింది. అవి ఎక్కువగా ఎవరికి వారు పెట్టుకున్నవి. ఆర్‌డీఎస్, అట్లాస్ వంటి మేనేజ్డ్ డేటాబేసుల్లో పాస్‌వర్డు తప్పనిసరి, ఏ చిరునామాల నుంచి రానివ్వాలో మనమే చెప్పాలి. అంత కట్టుదిట్టం చేసి ఇచ్చినా, ల్యాబ్ నుంచి కలవడం లేదని విసుగొచ్చి "0.0.0.0/0" అని కొట్టేస్తాం. దాని అర్థం "లోకంలో ఎవడైనా రావచ్చు" అని. నాలుగు సున్నాలు చూసి ఏమీ లేదనుకుంటాం గానీ అన్నీ ఉన్నాయని దాని అర్థం. కల్పించిన పేర్లే ఉన్న డేటాబేసులో ఈ తప్పు చేస్తే పోయేది ఒక సాయంత్రం పని.

ఇక డబ్బుల సంగతి. తమ్ముళ్లూ, ఇక్కడ బాగా గమనించండి, కార్డు మీ నాయినది అవుతుంది. అమెజాన్ ఆర్‌డీఎస్‌లో అన్నింటికంటే చిన్న రకాల్లో ఒకటైన టీ3 మైక్రోకు అమెరికాలోని వర్జీనియా కేంద్రంలో గంటకు 0.017 డాలరు. నెలకు 730 గంటలు, 12.41 డాలర్లు. 20 గిగాబైట్ల స్టోరేజీకి 2.30 డాలర్లు. 2024 ఫిబ్రవరి 1 నుంచి బయటి చిరునామాకు కూడా గంటకు అర సెంటు వసూలు చేస్తున్నారు, అది నెలకు 3.65. మొత్తం 18.36 డాలర్లు. డాలరు 85 రూపాయలే అనుకున్నా 1,560 రూపాయలు, పన్ను అదనం. 2024 నవంబరులో తెలంగాణ సర్కారు మెస్ చార్జీలు పెంచినప్పుడు 8 నుంచి 10 తరగతుల పిల్లలకు నెలకు 1,540 రూపాయలు చేసింది. అంటే మనం ఆపడం మరిచిపోయిన ఒక ఖాళీ డేటాబేసు, ఒక పిల్లవాడు నెలంతా తినే తిండికంటే ఎక్కువ తింటుంది. దానికి సెలవుల్లేవు, దసరాకు ఇంటికీ పోదు.

"ఫ్రీ టైర్ ఉంది గదా అన్నా" అంటారు. ఉంది, కానీ దాని లెక్క చదవాలి. 2025 జూలై 15కు ముందు తెరిచిన అమెజాన్ ఖాతాలకు 12 నెలల పాటు నెలకు 750 గంటలు ఉచితం. 31 రోజుల నెలకు 744 గంటలు, కాబట్టి ఒక డేటాబేసుకు సరిపోతుంది. రెండు పెడితే సగం నెలకే అయిపోతాయి. నలుగురు నాలుగు పెడితే వారానికి కాస్త పైన. ఆ తేదీ తర్వాత తెరిచిన ఖాతాలకు పద్ధతి మారింది: మొదట 100 డాలర్ల క్రెడిట్, చెప్పిన పనులు చేస్తే ఇంకో 100 దాకా, ఉచిత పథకం 6 నెలలు లేదా క్రెడిట్ అయిపోయేదాకా. ఇంకొక కిటుకు చాలామందికి తెలియదు. ఆర్‌డీఎస్‌లో "స్టాప్" నొక్కితే గంటల చార్జీ ఆగుతుంది, స్టోరేజీ చార్జీ ఆగదు. 7 రోజులు దాటితే అది దానంతట అదే మళ్లీ లేస్తుంది. వాళ్లు రాసి పెట్టిన నియమమే, మనమే చదవం. బిల్లు ఇంత దాటితే మెయిలు పంపమని బడ్జెట్ పెట్టుకోవచ్చు, తప్పకుండా పెట్టుకోండి. కానీ ఆ మెయిలు హెచ్చరిస్తుంది, మామూలుగా దేన్నీ ఆపదు. పని అయిపోతే నకలు తీసుకుని డేటాబేసును తీసేయడమే మేలు.

మా సలహా అడిగితే మొదటి ట్రయల్‌కు కార్డు అడగని చోటికే పోండి. కాలేజీ మెయిలు ఉన్నవాళ్లకు మైక్రోసాఫ్ట్ వాళ్లు విద్యార్థుల పథకం కింద కార్డు లేకుండా 100 డాలర్ల క్రెడిట్ ఇస్తారు. నియాన్‌లో పని లేకుండా 5 నిమిషాలు ఉంటే డేటాబేసు పడుకుంటుంది, పిలవగానే లేస్తుంది. సుపబేస్ ఉచిత ప్రాజెక్టు వారం రోజులు ఎవరూ ముట్టకపోతే ఆగిపోతుంది, మనం పోయి లేపాలి. వైవా రోజు పొద్దున లేపుదామని కూర్చోకండి, ముందు రోజే తెరిచి చూసుకోండి.

ఉచిత క్వార్టరు ఎప్పటికీ మనదనుకోవద్దు. రిటైరైతే క్వార్టరు ఖాళీ చేయాలి, అది మన ఇళ్లల్లో అందరూ చూసిందే. ఇక్కడైతే మనం రిటైర్ కాకముందే ఖాళీ చేయమంటారు. ఎంతోమంది విద్యార్థులు ప్రాజెక్టులు పెట్టుకున్న హెరోకు 2022 నవంబరు 28న ఉచిత పథకాలు ఎత్తేసింది. ప్లానెట్‌స్కేల్ 2024 ఏప్రిల్ 8న తీసేసింది. 20 మెగాబైట్ల ఉచిత పోస్ట్‌గ్రెస్ ఇచ్చిన ఎలిఫెంట్‌ఎస్‌క్యూఎల్ 2025 జనవరి 27న మొత్తానికే మూతపడింది. ముందుగా నోటీసు ఇచ్చారు, అన్యాయం చేశారని అనలేం. కానీ నోటీసు పోయేది మెయిలుకు, మనం చూసేది వాట్సాప్. పైగా సుపబేస్, అట్లాస్ ఉచిత పథకాల్లో రోజువారీ బ్యాకప్ కంపెనీ ఇవ్వదు. శనివారం శనివారం డంపు తీసి ఆ ఫైలును పెన్‌డ్రైవులో వేసుకోవడం మన పని. పెన్‌డ్రైవు ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేయండి, మీ పక్క మంచం వాడు సినిమాల కోసం దాన్ని ఫార్మాట్ చేస్తాడు.

బ్యాకప్ అనగానే గుర్తొచ్చేది గిట్‌ల్యాబ్ కథ. 2017 జనవరి 31 రాత్రి ఆ కంపెనీ ఇంజనీరు ఒకాయన, డేటాబేసు నకలు సరిగా నడవడం లేదని గంటల తరబడి కష్టపడుతున్నాడు. నకలు ఉన్న కంప్యూటర్లో తుడిచేద్దామనుకుని అసలు ఉన్న కంప్యూటర్లో తుడిచే ఆజ్ఞ కొట్టాడు. రెండు కిటికీలూ నల్లగా ఒకేలా ఉంటాయి గదా. ఒకటి రెండు సెకన్లలో తేరుకుని ఆపాడు. అప్పటికే సుమారు 300 గిగాబైట్లలో 4.5 మిగిలింది. సరే, బ్యాకప్ ఉంది గదా అని చూస్తే, ఐదు రకాల ఏర్పాట్లలో ఒక్కటీ పనికి రాలేదు. రోజూ తీయవలసిన డంపు, వర్షన్ తేడా వల్ల చాలా రోజులుగా తీయడమే లేదు. అది చెప్పే మెయిళ్లు కూడా ఎవరికీ అందలేదు. చివరికి కాపాడిందేమిటో తెలుసా? ఆరు గంటల ముందు ట్రయల్ డేటాబేసు కోసం చేత్తో తీసుకున్న ఒక నకలు. ఆ ఆరు గంటల్లో వచ్చిన సుమారు 5,000 ప్రాజెక్టులు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాలు మాత్రం పోయాయి. ఆ కంపెనీ మీద మాకు గౌరవం ఎందుకంటే, సంగతి దాచకుండా, బాగుచేసే పనిని యూట్యూబ్‌లో అందరికీ ప్రత్యక్షంగా చూపించింది. తప్పు చేసినాయన్ను బలిపెట్టలేదు.

అందుకే ట్రయల్ డేటాబేసులో ఒకసారి కావాలని అంతా తుడిచేయండి. తుడిచి, శనివారం తీసుకున్న ఫైలు నుంచి తిరిగి నిలబెట్టండి. గడియారం చూసుకోండి ఎంతసేపు పట్టిందో. మా తమ్ముళ్లకు మొదటిసారి మూడు గంటలు పట్టింది, ఒకడు దాదాపు ఏడ్చాడు. రెండోసారి ఇరవై నిమిషాలు. ఇంటర్వ్యూలో "బ్యాకప్ అంటే ఏమిటి" అని అడిగితే పుస్తకంలో ఉన్నది అందరూ చెబుతారు. "నేను ఒకసారి అంతా పోగొట్టి మళ్లీ తెచ్చాను" అని చెప్పేవాడు వేరే.

ఒక అభ్యంతరం న్యాయమైనదే. మాలో సీనియర్ అయిన ఒక అన్న, అన్నీ కంపెనీయే చూసుకుంటే పిల్లలకు లోపల ఏముందో ఎట్లా తెలుస్తుందని అడిగాడు. నిజం. క్వార్టర్లో ఉన్నవాడికి తాపీపని రాదు. ఆర్‌డీఎస్‌లో ఆ కంప్యూటరు లోపలికి మనల్ని రానివ్వరు. డేటాబేసు అడ్మినిస్ట్రేటర్ కావాలనుకునే వాడు ఒక్కసారైనా సొంతంగా ఇన్‌స్టాల్ చేసి, పాడుచేసి, బాగుచేయాలి. ఒక్కడే చేసుకునే చిన్న అభ్యాసానికైతే ఎస్‌క్యూలైట్ చాలు, ఫైలు ఒకటే, ఖర్చు లేదు, ఇంటర్నెట్టూ అక్కర లేదు. మొదటి ఏడాది దానితోనే గడపమంటాం. కానీ నలుగురు కలిసి చేసే పని వచ్చినప్పుడు, ల్యాప్‌టాప్ కొనే తాహతు వచ్చేదాకా ఆగమని మన పిల్లలకు చెప్పడం మాత్రం మా వల్ల కాదు. ఆగమని మాకు చాలామంది చాలాసార్లు చెప్పారు.

కనుక పూర్వ విద్యార్థుల సంఘం ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాం. ప్రాజెక్టు చేసే హాస్టల్ పిల్లల కోసం సంఘం పేరున ఒక ట్రయల్ ఖాతా తెరుద్దాం. కార్డు మాలో ఒకరిది ఉంటుంది, ఏ తల్లిదండ్రిదీ కాదు. ప్రతి డేటాబేసుకూ పుట్టిన రోజే చివరి తేదీ రాసి పెడదాం, ఆ తేదీన నకలు పిల్లల చేతికిచ్చి తీసేద్దాం. పాస్‌వర్డు ప్రోగ్రాంలో ఉన్నట్టు కనబడితే ఆ వారం టీలు వాళ్లే తాగించాలి. నిజమైన పిల్లల వివరం ఒక్కటి కనబడినా ఆ డేటాబేసు ఆ నిమిషమే మూత. ఈ చివరి దానికి మాఫీ లేదు, సీనియర్లకూ లేదు.

మా నలుగురు తమ్ముళ్లు ప్రాజెక్టును మళ్లీ మొదటి నుంచి చేశారు. పేర్లు కల్పించే ఫేకర్ అనే పైథాన్ లైబ్రరీ ఉందని చెప్పాం గానీ, దానికంటే ముందే హాస్టల్ పిల్లలు తమ పద్ధతిలో పట్టిక నింపేశారు. ఆ తొమ్మిదో తరగతి పిల్లవాడే దగ్గర కూర్చుని రాయించాడట. వైవా రోజు తెర మీద మొదటి వరుసలు ఇట్లా ఉన్నాయి: వంకాయ, 8వ తరగతి, హాజరు. సొరకాయ, 9వ తరగతి, తండ్రి పేరు ఖాళీ, హాజరు. గోంగూర, 10వ తరగతి, ఇంటికి పోయింది. పప్పుచారు, 9వ తరగతి, రోజూ హాజరు. ఎగ్జామినర్ గారు పప్పుచారు దగ్గర ఆగి, ఈ విద్యార్థి ఏడాదిలో ఒక్క రోజు కూడా మానలేదేమిటని అడిగారు. వార్డెన్ సారు ఆ రోజు అక్కడ లేరు, లేకుంటే ఆయనే చెప్పేవారు.